గేలిక్ పాత పద్యాలు: అసలువా, కల్పితమా అన్న గొడవ ఎందుకు తెగదు?

పొగమంచు కమ్మిన కొండ ఫోటో ఒకటి, దాని మీద "పురాతన కెల్టిక్ ప్రార్థన" అని నాలుగు లైన్లు. ఫోన్లో ఇలాంటివి మీకూ కనపడే ఉంటాయి. ఇది రెండు వేల ఏళ్ళ నాటిదని ఒకళ్ళు, అంతా ఎవడో కూర్చుని రాసిందేనని ఇంకొకళ్ళు. వీటిలో కొన్నిటి మూలం పట్టుకుని వెనక్కి పోతే 1900లో ఎడిన్‌బరోలో అచ్చయిన రెండు సంపుటాల దగ్గరకి చేరతాం, అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి పోతే ఒక ఎక్సైజ్ ఉద్యోగి నోట్‌బుక్కుల దగ్గరకి. 2025లో స్కాట్లండ్ పార్లమెంటు గేలిక్‌కి అధికార భాష హోదా ఇస్తూ చట్టం చేశాక ఈ పాత కవిత్వం మీద మళ్ళీ ఆసక్తి పెరిగింది, దాంతో పాటే కన్ఫ్యూజన్ కూడా. నాకు అర్థమైనంతలో అసలు చిక్కు "అసలా నకిలీనా" అని రెండే గడులు పెట్టుకోవడంలో ఉంది. పాడినవాళ్ళ నోటికీ మన కంటికీ మధ్య నాలుగైదు చేతులు పడ్డాయి, ఏ చేయి ఏం చేసిందో విడదీస్తే తప్ప సంగతి తేలదు.

ఏ గేలిక్, ఏ కవిత్వం

గేలిక్ అంటే ఇంగ్లిష్‌కి యాస కాదు, కెల్టిక్ కుటుంబంలో వేరే భాష. ఐర్లండ్‌లో ఒకటి, స్కాట్లండ్‌లో ఒకటి, మధ్యలో మాన్ దీవిలో ఒకటి, ఈ మూడూ అక్కచెల్లెళ్ళు. ఇక్కడ మాట్లాడేది ఎక్కువగా స్కాట్లండ్ గేలిక్ గురించి. పడమటి దీవుల్లో, హైలాండ్స్ అనే కొండ ప్రాంతంలో బతికిన భాష ఇది, 2022 జనాభా లెక్కల ప్రకారం మాట్లాడగలిగేవాళ్ళు దాదాపు 70 వేలు.

సుమారు 17వ శతాబ్దం దాకా ఐర్లండ్, స్కాట్లండ్ ఆస్థాన కవులు ఒకే గ్రాంథిక భాషలో రాసేవాళ్ళు. కవిత్వం వాళ్ళకి వంశపారంపర్యంగా వచ్చే వృత్తి. ఏళ్ళ తరబడి ఛందస్సు నేర్చుకోవాలి, ప్రభువుని పొగడాలి, చస్తే ఏడవాలి, డబ్బులివ్వకపోతే తిట్టాలి. దీని పక్కనే జనం నోళ్ళలో ఇంకో ప్రపంచం ఉంది. ఫియన్ అనే వీరుడు, ఆయన కొడుకు ఓషిన్ గురించిన వీరగాథలు, పని పాటలు, ప్రార్థనలు, దిష్టి మంత్రాలు. మొదటి రకం చాలావరకు కాగితం మీదో తోలు మీదో ఉంది, రెండో రకం చాలావరకు గాల్లోనే ఉండి ఎవరో వచ్చి రాసుకున్నప్పుడు కాగితం ఎక్కింది. గొడవలన్నీ ఎక్కువగా ఈ రెండో రకం మీదే.

మాటలు కొన్ని ముందే అనుకుందాం. చేత్తో రాసినదాన్ని రాతప్రతి అంటాం. పాడేవాళ్ళ ఎదురుగా కూర్చుని గబగబా గీకిన పుస్తకం ఫీల్డ్ నోట్‌బుక్. దాన్ని ఇంటికొచ్చి శుభ్రంగా ఎత్తి రాస్తే అది శుద్ధప్రతి. అచ్చుకి సిద్ధం చేసేవాడు పరిష్కర్త. ఒకే పద్యం రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే పాఠాంతరం, తర్వాతివాళ్ళు లోపలికి తోసింది ప్రక్షిప్తం. మన భారతం, వేమన పద్యాల పరిష్కరణల పుణ్యమా అని మనకివి కొత్త మాటలేం కాదు.

లిస్మోర్ డీన్ పుస్తకం: చదవడమే ఒక యుద్ధం

స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీలో ఉన్న రాతప్రతుల్లో బాగా విలువైనది లిస్మోర్ డీన్ పుస్తకం. పర్త్‌షైర్‌లో ఫోర్టింగల్ అనే ఊళ్ళో జేమ్స్ మాక్‌గ్రెగర్ అనే చర్చి అధికారి (లిస్మోర్‌కి డీన్ ఈయనే, డీన్ అంటే చర్చిలో ఒక పెద్ద పదవి), తమ్ముడు డంకన్‌తో కలిసి 1512 నుంచి 1542 మధ్య కూర్చిన సంకలనం ఇది. ఐరిష్ కవులున్నారు, స్కాట్లండ్ కవులున్నారు, ఓషిన్ పేరు మీద వీరగాథలున్నాయి. 1470 ప్రాంతంలో భర్త చనిపోతే ఆయన వాడిన జపమాలని చూస్తూ, దాన్నే పిలిచి మాట్లాడుతూ ఎఫ్రిక్ అనే ఆవిడ చెప్పిన స్మృతిపద్యం కూడా ఇందులోనే దొరికింది. ఆవిడ గురించి మనకి తెలిసిందల్లా ఆ ఒక్క పద్యం వల్లే. అదే అట్టల మధ్య 1513లో ఫ్లాడెన్ యుద్ధంలో చచ్చిపోయిన డంకన్ క్యాంప్‌బెల్ అనే ప్రభువు పచ్చి బూతు పద్యాలూ ఉన్నాయి. చర్చి ఆయన వాటిని కూడా శ్రద్ధగా రాయించుకున్నాడు, తర్వాతి పరిష్కర్తలే సిగ్గుపడ్డారు!

చిక్కు స్పెల్లింగ్‌తో వచ్చింది. గేలిక్‌కి అప్పటికే సొంత లిపి సంప్రదాయం, పక్కా స్పెల్లింగ్ పద్ధతి ఉన్నాయి. ఈ అన్నదమ్ములు దాన్ని పక్కన పెట్టి, తమకి ఆఫీసు రాతల్లో అలవాటైన స్కాట్స్ భాష స్పెల్లింగ్‌తో గేలిక్‌ని చెవికి వినపడినట్టు రాసేశారు. మనం వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినట్టన్నమాట. కె, ఎ, ఎల్, ఎ అని నాలుగక్షరాలు కొడితే అది కల కావచ్చు, కళ కావచ్చు, కాల కావచ్చు, అవతలివాడు సందర్భాన్ని బట్టి పట్టుకుంటాడు. ఐదువందల ఏళ్ళ తర్వాత ఆ సందర్భం తెలియనివాడు చదివితే పరిస్థితి ఏంటో ఊహించుకోండి.

అందుకని ఈ పుస్తకంలో పద్యాన్ని అచ్చులో చూసినప్పుడు మనకి కనపడేది డీన్ రాసింది కాదు, ఆయన రాతని ఒక పండితుడు మళ్ళీ ప్రామాణిక స్పెల్లింగ్‌లోకి ఊహించి మార్చింది. 1862లో తొలిసారి దీన్నుంచి పెద్ద ఎంపిక వేసినవాళ్ళు ఒకలా చదివారు, 1937లో డబ్ల్యూ.జె. వాట్సన్ స్కాట్లండ్ పద్యాలు వేసినప్పుడు చాలాచోట్ల వేరేలా చదివాడు. ఇద్దరూ నిజాయితీపరులే, ముందున్నదీ ఒకే కాగితం. అయితే ఇందులో ఒక లాభం కూడా ఉంది. ప్రామాణిక స్పెల్లింగ్ పాతకాలం ఉచ్చారణని దాచేస్తుంది, డీన్ స్పెల్లింగ్ దాచలేదు. 16వ శతాబ్దం పర్త్‌షైర్‌లో జనం ఆ మాటల్ని ఎలా పలికారో తెలుసుకోడానికి భాషాశాస్త్రవేత్తలు ఎగబడేది ఈ "తప్పుల" కోసమే.

మాక్‌ఫర్సన్ కేసు: రెండు పక్షాలూ సగం తప్పు

1760లో జేమ్స్ మాక్‌ఫర్సన్ అనే ఇరవై మూడేళ్ళ హైలాండ్ కుర్రాడు, పాత గేలిక్ కవిత్వానికి ఇంగ్లిష్ అనువాదాలు అంటూ ఒక చిన్న పుస్తకం వేశాడు. అది పేలింది. ఎడిన్‌బరో పెద్దలు చందాలేసి హైలాండ్స్‌కి పంపారు, తిరిగొచ్చి 1761 చివర్లో "ఫింగల్", 1763లో "టెమోరా" అని రెండు పెద్ద ఇతిహాసాలు దించాడు. వీటి కవి మూడో శతాబ్దపు ఓసియన్ అన్నాడు, అంటే మన ఓషినే. యూరప్ ఊగిపోయింది, తర్వాత నెపోలియన్ కూడా దీనికి వీరాభిమాని. ఐరిష్ పండితులకి మాత్రం ఒళ్ళు మండింది, మా వీరుల్ని ఎత్తుకుపోయి స్కాట్లండ్ వాళ్ళని చేస్తావా అని.

లండన్‌లో ఇంగ్లిష్ నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్ ఇదంతా మోసం అన్నాడు, ఒరిజినల్స్ చూపించమన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది, 1775లో ఇంకో అడుగు ముందుకేసి, గేలిక్‌లో వందేళ్ళ పాతదైన రాతప్రతి ప్రపంచంలోనే లేదని రాసేశాడు. (మాక్‌ఫర్సన్ నుంచి బెదిరింపు ఉత్తరం వస్తే ఆయన ఒక మంచి ఓక్ కర్ర కొని దగ్గర పెట్టుకున్నాడు, సాహిత్య చర్చ ఆ లెవెల్‌కి పోయింది.) కానీ డీన్ పుస్తకం అప్పటికే 230 ఏళ్ళ పైచిలుకుది. విచిత్రం ఏంటంటే అది చేరింది మాక్‌ఫర్సన్ సేకరణలోకే. ఇంకా వెనక్కి పోతే, పదో శతాబ్దపు లాటిన్ సువార్త ప్రతి ఒకటి, బుక్ ఆఫ్ డియర్ అంటారు, దాని మార్జిన్లలో 12వ శతాబ్దంలో గేలిక్‌లో భూదానాల గురించి రాసిన నోట్సు ఉంది. అది కేంబ్రిడ్జ్ లైబ్రరీలో ఉందని 1860 దాకా ఎవరూ గమనించలేదు కాబట్టి జాన్సన్‌ని దీని మీద తప్పుపట్టలేం.

మాక్‌ఫర్సన్ చచ్చిపోయాక హైలాండ్ సొసైటీ అనే సంఘం కమిటీ వేసి, ఊరూరా సాక్ష్యాలు తీసుకుని 1805లో రిపోర్ట్ ఇచ్చింది. సారాంశం: వీరగాథలు జనంలో బోలెడున్నాయి, మాక్‌ఫర్సన్ వాటిని వాడుకున్నదీ నిజం, కానీ ఆయన అచ్చేసిన దానితో పేరూ విషయమూ పూర్తిగా కలిసే ఒక్క పద్యం కూడా మాకు దొరకలేదు. ఖాళీలు పూరించాడు, మోటుగా ఉన్నవి నునుపు చేశాడు, తనవి కలిపాడు. 1952లో డెరిక్ థామ్సన్ రాతప్రతుల్లోని గాథల్ని పక్కపక్కన పెట్టి పోల్చి, ఎక్కడెక్కడ ఏ గాథ నుంచి తీసుకున్నాడో చూపించాడు. ఫింగల్‌లో అలాంటి చోట్లు బాగానే ఉన్నాయి, టెమోరాకి వచ్చేసరికి దాదాపు సొంత కల్పనే.

మరి ఒరిజినల్ గేలిక్? 1807లో అది కూడా అచ్చయింది! కాకపోతే పండితులు చదివి చూస్తే అది ఇంగ్లిష్ నుంచి గేలిక్‌లోకి వెనక్కి చేసిన అనువాదంలా ఉందని తేలింది. ఈ పుస్తకానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1784 ప్రాంతంలో ఇండియాలో ఉద్యోగాలు చేస్తున్న హైలాండ్ వాళ్ళు దాదాపు వెయ్యి పౌండ్లు పోగుచేసి పంపారు. మాక్‌ఫర్సన్ స్వయంగా ఆర్కాటు నవాబుకి లండన్‌లో ఏజెంటు, నెల్లూరు వైపు దాకా పాలించిన మహమ్మద్ అలీ వాలాజా నవాబే. అంటే మన వైపు రైతుల శిస్తులో ఏ కాస్తో తిరిగి తిరిగి ఓసియన్ కవి జేబులోకి పోయిందనుకోవాలి.

దర్జీ కత్తెర కింద పడ్డ కవిత్వం

ఆ హైలాండ్ సొసైటీ సాక్ష్యాల్లో నన్ను ఎక్కువ పట్టుకున్నది లాఖ్లన్ మాక్‌వూరిచ్ అనే ఆయన 1800లో బెన్‌బెక్యులా దీవిలో ఇచ్చిన వాంగ్మూలం. 13వ శతాబ్దపు ఐరిష్ కవి మురెదఖ్ నుంచి తాను పద్దెనిమిదో తరం అని చెప్పాడు. ఐదు వందల ఏళ్ళు కవిత్వమే వృత్తిగా, ప్రభువులిచ్చిన మాన్యాల మీద బతికిన వంశం. ఈయనకి మాత్రం చదువు రాదు. ప్రభువులు ఆస్థాన కవుల్ని పోషించడం మానేశాక మాన్యాలు పోయాయి, మాన్యాలు పోయాక చదువు పోయింది. ఇంట్లో తోలు రాతప్రతులు చాలా ఉండేవని, వాటిలో కొన్నిటిని దర్జీలు కొలతలు తీసుకునే పట్టీలుగా కత్తిరించడం తన కళ్ళతో చూశానని, తండ్రి పోయాక తనకి వచ్చినవి కూడా విలువ తెలీక పోగొట్టుకున్నానని చెప్పాడు. ఎర్ర పుస్తకం అనేదాన్ని మాత్రం క్లాన్‌రానల్డ్ ప్రభువు ఆజ్ఞ మీద మాక్‌ఫర్సన్‌కి ఇచ్చారట.

"రాతప్రతి చూపించు, లేకపోతే నువ్వు అబద్ధాలకోరువి" అన్న జాన్సన్ లాజిక్‌కి ఇదే జవాబు. ప్రతి లేకపోవడం అంటే పద్యం లేకపోవడం కాదు. అలాగని "ప్రతులన్నీ పోయాయి సార్" అనే ప్రతివాణ్ణీ నమ్మలేం కదా. ఈ రెంటి మధ్య తేల్చడానికి పండితులకి దొరికిన పనిముట్టు ఛందస్సు.

ఛందస్సు పట్టించే దొంగలు

ఆస్థాన కవుల పద్యంలో ఎక్కువ వాడిన కొలతల్లో ఒకటి ఇలా ఉంటుంది: నాలుగు పాదాలు, పాదానికి సరిగ్గా ఏడు అక్షరాలు, ఇక్కడ అక్షరం అంటే ఒక్క ఊపులో పలికే ముక్క. దాని పైన ప్రాస నియమం. హల్లుల్ని వర్గాలుగా విడగొట్టారు. బ, డ, గ లాంటివి ఒక వర్గం, ప, ట, క లాంటివి ఇంకో వర్గం, "స" ఒక్కటే ఒంటరి. అచ్చు ఒకటే అయ్యుండి హల్లు అదే వర్గంలోదైతే ప్రాస కుదిరినట్టే. యతిమైత్రి తెలిసిన తెలుగువాడికి ఇది పది నిమిషాల్లో ఎక్కేస్తుంది, ఇంగ్లిష్ చదువరులకే వింత.

ఇప్పుడు ఒక ప్రతిలో మూడు పాదాలు ఏడేసి ఉండి నాలుగోది ఎనిమిది ఉందనుకోండి. ఆ కవికి లెక్క తప్పే అవకాశం చాలా తక్కువ, అది ఆయన అన్నం తినే విద్య. కాబట్టి లేఖకుడు ఏదో చిన్న మాట అదనంగా చేర్చి ఉండాలి, లేదా తన రోజుల ఉచ్చారణలో పాత మాటని రాసి ఉండాలి. పాత రూపం పెట్టి చూస్తే ఏడుకి దిగుతుందా? దిగి, ప్రాస కూడా కుదిరితే ఆ పాఠం నమ్మదగిందని పుస్తకం కింద నోట్సులో రాస్తారు.

ఇదే పనిముట్టు జనకవుల దగ్గర పరిష్కర్తనే పట్టిస్తుంది. సదర్లండ్ కవి రాబ్ డోన్ (1714–1778) పశువులు తోలుకుంటూ బతికినవాడు, రాయడం రాదు. ఆయన పద్యాలు చనిపోయిన యాభై ఏళ్ళకి, 1829లో పుస్తకంగా వచ్చాయి. సదర్లండ్ యాస మిగతావాళ్ళకి అర్థం కాదని పరిష్కర్త చాలా మాటల్ని ప్రామాణిక రూపాల్లోకి మార్చాడు. ఫలితం, అచ్చు పుస్తకంలో ప్రాసలు చాలాచోట్ల తెగిపోయాయి. అవే మాటల్ని సదర్లండ్ యాసలో పలికితే టకటకా కుదురుతాయి. నెల్లూరు యాసలోనో నల్లగొండ యాసలోనో కట్టిన పాటని పత్రిక భాషలోకి దిద్దితే ఏమవుద్దో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పరిష్కర్తకి దురుద్దేశం ఏమీ లేదు, అందరూ చదవాలనే చేశాడు. డంకన్ బాన్ మాకింటైర్ సంగతీ అంతే, 18వ శతాబ్దపు గొప్ప కవుల్లో ఒకడు, అక్షరం ముక్క రాదు, ఆయన నోటితో చెప్తే ఒక పాస్టర్ గారు రాసి పెట్టారు, 1768లో అచ్చయింది.

కార్మైకేల్: నోట్‌బుక్కులో ఒకటి, పుస్తకంలో ఒకటి

ఇక మొదట్లో చెప్పిన ఎక్సైజ్ ఉద్యోగి. అలెగ్జాండర్ కార్మైకేల్, 1832లో పుట్టాడు, లిస్మోర్ దీవిలోనే. సారా పన్నుల పని మీద దీవులన్నీ తిరిగే ఉద్యోగం, తిరిగిన చోటల్లా ముసలివాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థనలు, మంత్రాలు, పాటలు రాసుకునేవాడు. వాటిని "కార్మినా గాడెలికా" పేరుతో 1900లో రెండు సంపుటాలుగా వేశాడు. పెద్ద అలంకారపు మొదటి అక్షరాల్ని పాత రాతప్రతుల నుంచి ఆయన భార్య గీసింది. పుస్తకం తెరిస్తే మధ్యయుగపు మఠంలోకి వెళ్ళినట్టుంటుంది, పాఠకుడు సగం అక్కడే పడిపోతాడు. ఆయన పోయాక మనవడు జేమ్స్ కార్మైకేల్ వాట్సన్ 3, 4 సంపుటాలు 1940, 41లో తెచ్చి, 1942లో నౌకాదళంలో ఉండగా యుద్ధంలో చనిపోయాడు. ఇంకొకరి చేతుల మీదుగా ఆరోది వచ్చేసరికి 1971.

1976లో హేమిష్ రాబర్ట్‌సన్ అనే పండితుడు అచ్చు పుస్తకాన్ని కార్మైకేల్ చేతిరాత కాగితాలతో పోల్చి బాంబు పేల్చాడు: దాదాపు ఏ పద్యాన్నీ కార్మైకేల్ ముట్టుకోకుండా వదల్లేదు, కొన్నిటిని బాగా మార్చాడు, మామూలు మాటల్ని పాతగా వినపడేలా చేశాడు అని. రెండేళ్ళకి జాన్ లోర్న్ క్యాంప్‌బెల్ జవాబిచ్చాడు. ఈయన కార్మైకేల్ భక్తుడేం కాదు, తనే దీవుల్లో రికార్డింగులు చేసిన మనిషి. ఇది కల్పనల కుప్పా కాదు, జనం నోట వచ్చింది వచ్చినట్టు దించిందీ కాదు అన్నాడు. మెతకగా అనిపించొచ్చు గానీ నా ఓటు దీనికే.

ఎందుకో చూడాలంటే ఒక పని పాటని తీసుకోండి. దీవుల్లో కొత్తగా నేసిన ఉన్నిబట్టని నిలవ ఉంచిన మూత్రంలో తడిపి, ఆడవాళ్ళు పొడుగాటి బల్లకి అటూ ఇటూ కూర్చుని లయగా బాదేవాళ్ళు, బట్ట దట్టపడి చిక్కబడేదాకా. ఒకామె లైను ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అర్థం లేని పల్లవి అక్షరాలతో అందుకుంటారు. బట్ట ఇంకా తయారవకపోతే పాట ఆపడానికి లేదు, అందుకని ఎత్తుకున్నామె వేరే పాటలోంచి నాలుగు లైన్లు లాక్కొచ్చి అతికిస్తుంది. ఇప్పుడు ముగ్గురు ఆడవాళ్ళ దగ్గర అదే పాట రాసుకున్నామనుకుందాం. మొదటామె పాటలో మునిగిపోయిన తమ్ముడు, ఇంకేం లేదు. రెండో ఆమె తమ్ముడితో మొదలుపెట్టి పడవ పొగడ్తలోకి పోయింది. మూడో ఆమె దగ్గర పడవే ఉంది, తమ్ముడు లేడు. ఇందులో "అసలు" పాట ఏది? మూడూ విడివిడిగా వేస్తే నిజాయితీ, కానీ పండితుడు తప్ప ఎవడూ చదవడు. బాగున్నదొక్కటే వేస్తే మిగతా ఇద్దరూ మాయం. మూడూ కుట్టి ఒకటి చేస్తే అందంగా, నిండుగా ఉంటుంది, కాకపోతే ఆ పాట ఏ బల్ల దగ్గరా ఎవరూ పాడలేదు. కార్మైకేల్ ఈ మూడో దారి ఇష్టపడ్డాడు. ఆయన కాలానికి అది తప్పుగా ఎవరికీ అనిపించలేదు, పైగా గేలిక్ మాట్లాడేవాళ్ళని అనాగరికులుగా చూస్తున్న రోజులవి, తన వాళ్ళని బెస్ట్ బట్టల్లో చూపించాలనుకున్నాడు. ఆ కారణం అర్థమవుతుంది, అయినా ఏది ఎక్కడ కుట్టాడో పుస్తకంలోనే చెప్పి ఉంటే డెబ్భై ఐదేళ్ళ తర్వాత ఈ గొడవ ఉండేది కాదు.

ఆయన్ని కాపాడింది కూడా ఆ కాగితాలే. అవి ఎడిన్‌బరో యూనివర్సిటీ లైబ్రరీలో కార్మైకేల్ వాట్సన్ కలెక్షన్‌గా ఉన్నాయి, నోట్‌బుక్కుల్ని ఎత్తి రాసి, స్కాన్లతో సహా జనానికి అందుబాటులో పెట్టారు. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ రోజు అన్న వివరాలు పుస్తకంలో కంటే అక్కడ ఎక్కువ. నాకు ఇది చదువుతుంటే మన కైఫీయతులు, అంటే ఊరూరి చరిత్ర రాయించిన కాగితాలు గుర్తొస్తాయి. వాటిని పోగుచేయించిన ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ పుట్టింది కూడా గేలిక్ ప్రాంతంలోనే, లూయిస్ దీవి స్టోర్నోవేలో. మెకంజీ పేరు అందరికీ తెలుసు, ఊరూరా మనుషుల్ని పెట్టి పని నడిపించిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్యల పేర్లు తెలిసినవాళ్ళు తక్కువ, కరణాల దగ్గర కూర్చుని రాసుకొచ్చినవాళ్ళ పేర్లు ఇంకా తక్కువ.

టేపు వచ్చాక గొడవ తీరిందా?

1951లో ఎడిన్‌బరోలో స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ పెట్టి, టేపు రికార్డర్లతో దీవులకి మనుషుల్ని పంపారు. ఆ రికార్డింగుల్లో వేలకొద్దీ ఇప్పుడు "తోబర్ అన్ డుఅల్‌ఖస్" అనే సైట్లో ఉచితంగా వినొచ్చు. ఇక మార్చడానికి ఎవరి చేయీ లేదు కదా అనుకుంటాం. కానీ మైకు ముందు పాడే మనిషి వేరు, బల్ల దగ్గర పాడే మనిషి వేరు. బట్టకి సరిపడా సాగాల్సిన అవసరం మైకు దగ్గర లేదు కాబట్టి అతుకుల లైన్లు కొన్ని రాలిపోతాయి. పైగా అప్పటికి కొందరు పాటగాళ్ళు అచ్చు పుస్తకాలు చదివినవాళ్ళే, ఎవరి పాట నోట నేర్చిందో, ఎవరిది పుస్తకం నుంచి నోటికి తిరిగొచ్చిందో చెప్పడం కష్టం. అందుకే ఇప్పటి పరిష్కర్తలు టేపునీ ఒక ప్రతిగానే చూస్తున్నారు, నోట్‌బుక్కుని చూసినట్టే: ఎవరు పాడారు, ఎవరు అడిగారు, ఏం అడిగారు, అంతకు ముందు ఆ ఇంట్లో ఏ పుస్తకం ఉంది అని.